కల్పిత యంత్రములలో అంతరాయముల బట్వాడా

కంప్యూటరులోని ప్రాసెసరు తన ముందున్న ఆజ్ఞలను ఒకదాని తరువాత నొకటిగా అమలు జరుపుచు పోవును. సెకనుకు మూడువందల కోట్ల స్పందనలతో నడచు ప్రాసెసర్లు నేడు సర్వసామాన్యము. అయితే ఇంత వేగముతో పనిచేయు యంత్రమునకును బయట జరుగుచున్న సంగతి దానంతటది తెలియదు. ఎవరో ఒక మీట నొక్కినారు. తీగ వెంబడి ఎచ్చటినుండియో ఒక సందేశము వచ్చినది. డిస్కు తనకు అప్పగించిన భాగమును చదివి ముగించినది. ఈ వార్తలు ప్రాసెసరునకు చేరుటకు రెండే మార్గములు గలవు.

మొదటిది, ప్రాసెసరే తన పని నాపి మాటిమాటికి ఒక్కొక్క పరికరమును “ఏమైన వచ్చినదా?” అని అడుగుట. రెండవది, పరికరమే తనకు అవసరమైనపుడు ప్రాసెసరును పిలుచుట. వీధి తలుపును పది నిమిషములకొకసారి తెరచి చూచు ఇంటి యజమానికిని, ఎవరైన తలుపు తట్టినపుడు మాత్రమే లేచివచ్చు యజమానికిని గల భేదమే ఇది. ఈ తలుపు తట్టుటనే కంప్యూటరు శాస్త్రమున ఇంటరప్టు అందురు. తెలుగున అంతరాయము అనవచ్చును.

ఒక యింట ఒకే కుటుంబమున్నంతవరకు తలుపు చప్పుడు ఎవరి కొరకో సందేహము లేదు. అదే యింట పది కుటుంబములు కాపురముండి, ప్రతి కుటుంబమును ఆ యిల్లంతయు తనదేయని నమ్మియున్నచో ఏమి జరుగును? నేటి పెద్ద కంప్యూటర్లలో సరిగా ఇదే స్థితి. ఒక వాస్తవ యంత్రము మీద పలు కల్పిత యంత్రములు నడచుచుండును. తలుపు తట్టినపుడు లేచువారెవరు? ఆ పిలుపును అసలువారికి అందజేయువారెవరు? ఒకరి పిలుపు వేరొకరి చెవిని పడకుండ కాపాడువారెవరు? ఈ ప్రశ్నలకు అరువది ఏండ్లుగ ఇంజనీర్లు చెప్పుచు వచ్చిన సమాధానములు ఆసక్తికరములు.

అంతరాయము పనిచేయు తీరు

పరికరము ప్రాసెసరును పిలుచు ఏర్పాటు కంప్యూటరుతోపాటు పుట్టినది కాదు. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 1954లో నిర్మించిన డైసియాక్ అను యంత్రము, బయటి పరికరముల నుండి అంతరాయములను అందుకొన్న తొలి కంప్యూటరుగా పేరొందినది. దానిని ట్రక్కు వాహనములలో అమర్చి ఒకచోటినుండి మరొకచోటికి తరలించుటకు వీలుగ నిర్మించిరి.

నేటి ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో అంతరాయములకు 0 మొదలు 255 వరకు సంఖ్యలు గలవు. వీనిలో మొదటి 32 సంఖ్యలు, సున్నతో భాగించుట వంటి లోపలి దోషముల కొరకు ప్రత్యేకింపబడినవి. తక్కినవానిని ఆపరేటింగు సిస్టము పరికరములకు పంచిపెట్టును. ఏ సంఖ్య వచ్చినపుడు ఏ చిన్న ప్రోగ్రామును నడపవలెనో తెలుపు ఒక పట్టిక స్మృతిలో సిద్ధముగ నుండును.

అంతరాయము రాగానే ప్రాసెసరు చేతిలోనున్న ఆజ్ఞను ముగించును. తాను ఎచ్చట ఆగినదో, అప్పటి తన స్థితి ఏమో గుర్తు వ్రాసికొనును. పట్టికను చూచి, ఆ సంఖ్యకు చెందిన ప్రోగ్రామును నడపును. అది ముగియగానే “ఈ పిలుపు చూచుకొంటిని, ఇక మరొకటి పంపవచ్చును” అని అంతరాయ నియంత్రకమునకు తెలిపి, గుర్తు పెట్టుకొన్న చోటికి తిరిగివచ్చి పాత పనిని కొనసాగించును. ఆగిన ప్రోగ్రామునకు తాను ఆగినట్లు తెలియనైన తెలియదు.

రెండు సంగతులను ఇచ్చట గమనింపవలెను. కొన్ని సున్నితమైన పనులు చేయునపుడు ప్రాసెసరు తలుపునకు గడియ వేసికొనవచ్చును. అనగా ఒక చిన్న గుర్తును మార్చి, కొంతసేపు అంతరాయములు రాకుండ చేసికొనవచ్చును. ఆ గడియ ఎవరి చేతిలో నున్నదో యంత్రమంతయు వారి చేతిలో నున్నట్లే. ఇక రెండవది, పిలుపు వచ్చు మార్గము. పూర్వము ఒక్కొక్క పరికరము నుండి ఒక్కొక్క తీగ నియంత్రకము వరకు వచ్చెడిది. 8259 అను ప్రసిద్ధమైన నియంత్రకమునకు ఎనిమిది తీగలు చేర్చవచ్చును. నేటి పరికరములకు అట్టి ప్రత్యేకమైన తీగ లేదు. ఒక నిర్ణీతమైన చిరునామాకు ఒక చిన్న సంఖ్యను వ్రాసిన చాలును, అదియే అంతరాయమగును. ఈ సౌకర్యమే తరువాత ఒక ప్రమాదమునకును దారితీసినది.

ఒకటి పలుగా కనిపించుట

ఒక పెద్ద యంత్రమును పలువురకు పంచి యిచ్చి, ఎవరికి వారికి స్వంత యంత్రమున్నట్లు భ్రమ కల్పింపవచ్చునని మొదట చూపినవారు ఐ.బి.ఎం. సంస్థవారు. అమెరికాలో కేంబ్రిడ్జి నగరమందలి వారి శాస్త్ర కేంద్రమున 1967లో వాడుకలోనికి వచ్చిన సి.పి.-40 అను ఏర్పాటు, ఒకే కంప్యూటరు మీద 14 కల్పిత యంత్రములను నడపగలిగినది. దాని సంతతియైన వి.ఎం.-370ను ఆ సంస్థ 1972లో ప్రకటించినది.

ఈ భ్రమను కల్పించు ప్రోగ్రామునకు హైపర్‌వైజరు అని పేరు. పది కుటుంబముల యింటికి అది కావలివాని వంటిది. ఒక్కొక్క కల్పిత యంత్రములో ఒక్కొక్క ఆపరేటింగు సిస్టము తన ప్రోగ్రాములతో కాపురముండును. దానికి తాను కాపురమున్నది అద్దె యిల్లని తెలియదు. అది మామూలు ఆజ్ఞలను అమలు చేయుచున్నంతవరకు వాస్తవ ప్రాసెసరే వానిని పూర్తి వేగముతో నడిపించును. యంత్రముమీద అధికారము చలాయించు ఆజ్ఞను అమలు చేయబోయినపుడు మాత్రము ప్రాసెసరు దానిని ఆపి, హైపర్‌వైజరును పిలుచును. హైపర్‌వైజరు ఆ ఆజ్ఞ ఫలితమును నకలుగా చూపి, తిరిగి కాపురమున్నవారి పనిని సాగనిచ్చును. ఇట్లు జరుగుటకు యంత్రమునకు ఉండవలసిన లక్షణములను జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు 1974లో సిద్ధాంతీకరించిరి. అధికారముతో ముడిపడిన ప్రతి ఆజ్ఞయు తప్పక పట్టుబడవలెను అనునదే వారి నియమమునకు సారము.

పట్టుబడని ఆజ్ఞ

విచిత్రమేమనగా, లోకమంతట వ్యాపించిన ఇంటెల్ ప్రాసెసర్లు ఈ నియమమునకు చాలకాలము లొంగలేదు. అందుకు ముఖ్యమైన ఉదాహరణము అంతరాయములకు సంబంధించినదే.

పాప్-ఎఫ్ అను ఒక ఆజ్ఞ కలదు. ప్రాసెసరు గుర్తులన్నిటిని ఒక్కసారిగ మార్చుట దాని పని. పైని చెప్పిన అంతరాయపు గడియయు ఆ గుర్తులలో నొకటి. అధికారము లేని ప్రోగ్రాము ఈ ఆజ్ఞతో గడియ వేయబోయినచో ప్రాసెసరు దానిని పట్టి ఇచ్చుట లేదు, వేయనిచ్చుటయు లేదు. తక్కిన గుర్తులను మార్చి, గడియను మాత్రము చప్పుడు లేక విడిచిపెట్టును. కల్పిత యంత్రములోని ఆపరేటింగు సిస్టము గడియ వేసితినని నమ్మును. హైపర్‌వైజరునకు ఆ సంగతి తెలియదు. గడియ పడిన దనుకొని సున్నితమైన లెక్కను సరిచేయుచున్న సమయమున అంతరాయము వచ్చిపడిన యెడల, ఆ లెక్క సగములో చెడును. ఇట్టి లోపములుగల ఆజ్ఞలు పెంటియం ప్రాసెసరులో 17 కలవని 2000లో ఒక పరిశోధన లెక్కించి చూపినది.

1998లో స్థాపింపబడిన వి.ఎం.వేర్ సంస్థ ఈ చిక్కును ఉపాయముతో దాటినది. ఆపరేటింగు సిస్టములోని ఆజ్ఞలను నడపుటకు ముందే చదివి, ప్రమాదకరమైన వాని స్థానమున వేరు ఆజ్ఞలను చేర్చుట వారి పద్ధతి. 2003లో ఇంగ్లాండు దేశపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన జెన్ మరొక త్రోవ త్రొక్కినది. ఆపరేటింగు సిస్టమునే కొంత మార్చి, నీవున్నది కల్పిత యంత్రమని దానికి తెలియజెప్పినది. చివరకు 2005లో ఇంటెల్ సంస్థయు, 2006లో ఏ.ఎం.డి. సంస్థయు ప్రాసెసరులోనే ఈ పనికి ప్రత్యేకమైన ఏర్పాటు చేసిరి. 2007లో లినక్సునందు చేరిన కె.వి.ఎం. అను హైపర్‌వైజరు ఆ ఏర్పాటు మీదనే ఆధారపడినది.

పిలుపు ఎవరిది?

కొత్త ఏర్పాటు ప్రకారము, కల్పిత యంత్రము నడచుచుండగ బయటినుండి ఏ అంతరాయము వచ్చినను ప్రాసెసరు ఆ కల్పిత యంత్రమును ఆపి, హైపర్‌వైజరునకు అధికారమును అప్పగింపవచ్చును. దీనికి నిష్క్రమణము అని పేరు. లోపలివారు తమ గడియ వేసికొనియున్నను ఇది ఆగదు. ఆ గడియ వారి గదికి సంబంధించినది. వీధి తలుపునకు కాదు.

ఇంత కట్టుదిట్టము ఎందులకు? వచ్చిన పిలుపు ఆ సమయమున నడచుచున్న కల్పిత యంత్రమునకు సంబంధించినదే కానక్కరలేదు. మొదటి కుటుంబమువారు మెలకువతో నుండగ వచ్చిన ఉత్తరము ఏడవ కుటుంబమువారిది కావచ్చును. అట్టి ఉత్తరము మొదటివారి చేతబడుట అన్యాయము. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. వీధి తలుపు గడియ ఒక కుటుంబము చేతికి చిక్కినచో తక్కిన తొమ్మిది కుటుంబములును బందీలైనట్లే. హైపర్‌వైజరు ఒక్కొక్కరికి కొంత కాలమును కేటాయించి, ఆ గడువు ముగియగానే మరొకరికి అవకాశమిచ్చును. గడువు ముగిసినదని దానికి చెప్పునది గడియారపు అంతరాయమే. ఆ పిలుపును ఎవరైన ఆపగలిగినచో, వారు ప్రాసెసరును ఎన్నటికిని వదలనక్కరలేదు. కల్పిత యంత్రముల సహజీవనమంతయు ఈ యొక్క అంతరాయము మీద నిలచియున్నది.

గంగారం నుండి హైదరాబాదు వరకు

ఒక ఉదాహరణముతో ఈ బట్వాడాను అడుగడుగున చూడవచ్చును. మహబూబాబాదు జిల్లాలో, అడవుల నడుమ, 2016 నాటి జిల్లాల పునర్విభజనలో ఏర్పడిన గంగారం మండలము కలదు. అచ్చటి విద్యార్థి యొకడు తన పరీక్షాఫలితమును ఫోనులో చూడగోరినాడనుకొందము. ఆ ఫలితములను అందించు సర్వరు హైదరాబాదులోని ఒక డేటా కేంద్రమున కల్పిత యంత్రముగ నున్నదనుకొందము. ఇది గాలిలో కట్టిన మేడ కాదు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరునకు హైదరాబాదున డేటా కేంద్రము కలదు. ప్రభుత్వ శాఖలకు కల్పిత యంత్రములను సమకూర్చు మేఘరాజ్ సేవను ఆ సంస్థ 2014లో ప్రారంభించినది. అమెజాను సంస్థయు 2022 నవంబరులో తన డేటా కేంద్రముల సముదాయమును హైదరాబాదున తెరచినది.

విద్యార్థి కోరిక ఒక చిన్న సమాచారపు పొట్లముగ మారి బయలుదేరును. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, రెండువందల కిలోమీటర్ల తీగను దాటుటకు దానికి సెకనులో వెయ్యవ వంతు చాలును. దారిలోని మజిలీలను దాటి, ఆ పొట్లము వాస్తవ యంత్రములోని నెట్‌వర్కు కార్డును చేరును. ఆ కార్డు ప్రాసెసరు సహాయము లేకయే పొట్లమును స్మృతిలో వ్రాసి, అంతరాయమును పంపును.

అప్పటికి ఆ ప్రాసెసరుమీద వేరొక శాఖవారి కల్పిత యంత్రము నడచుచుండవచ్చును. వెంటనే నిష్క్రమణము జరుగును. ఆ యంత్రపు స్థితి యంతయు భద్రపరచబడును. హైపర్‌వైజరు వైపు ప్రోగ్రాము పొట్లము మీది చిరునామాను చదివి, అది ఫలితముల సర్వరునకు చెందినదని గుర్తించును. పొట్లమును ఆ కల్పిత యంత్రపు స్మృతి భాగములోనికి నకలు తీయును. పిమ్మట ఆ యంత్రమునకై తాను నిర్మించియుంచిన కల్పిత నియంత్రకములో “ఫలానా సంఖ్యగల అంతరాయము వచ్చినది” అని గుర్తు పెట్టును. ఈ కల్పిత నియంత్రకము స్మృతిలోని కొన్ని అంకెలు మాత్రమే. కాని లోపలి ఆపరేటింగు సిస్టమునకు అది నిజమైన నియంత్రకమువలెనే కనిపించును.

ఇక ఆ పిలుపును అందజేయుట మిగిలియున్నది. సర్వరు కల్పిత యంత్రము పని లేక నిద్రించుచున్నచో, హైపర్‌వైజరు దానిని లేపి నడచు వరుసలో నిలుపును. అది మరొక ప్రాసెసరు మీద నడచుచున్నచో, ఆ ప్రాసెసరునకు ఒక అంతరాయమును పంపి, ఒక్క క్షణము బయటికి రప్పించును. అది నడచుటకు తిరిగి లోనికి పోవు సమయమున, ప్రాసెసరులోని ఒక నిర్ణీత స్థానమున అంతరాయ సంఖ్యను వ్రాసి పంపును. లోనికి ప్రవేశించిన మరుక్షణమే ప్రాసెసరు ఆ కల్పిత యంత్రపు పట్టికను చూచి, దాని ప్రోగ్రామును నడపును. లోపలివారికి పరికరమే తలుపు తట్టినట్లు తోచును.

ఒకవేళ లోపలివారు గడియ వేసికొని యున్నచో? అపుడు బలవంతముగ పిలుపును చొప్పించుట తగదు; పాప్-ఎఫ్ తెచ్చిన అనర్థమే మరల వచ్చును. అందుచేత హైపర్‌వైజరు “వీరు గడియ తీసిన తక్షణమే నాకు తెలుపుము” అని ప్రాసెసరునకు చెప్పి విడిచిపెట్టును. గడియ తీయగానే నిష్క్రమణము జరుగును. పిలుపు అప్పుడు అందింపబడును. ఆ పిమ్మట లోపలి ప్రోగ్రాము “చూచుకొంటిని” అని నియంత్రకమునకు వ్రాయబోవును. అది కల్పిత నియంత్రకము గనుక, ఆ వ్రాతకును తొలినాటి యంత్రములలో మరొక నిష్క్రమణము తప్పెడిది కాదు.

నిలిచిన గడియారము

గడియారపు అంతరాయములు మరొక వింత చిక్కును తెచ్చిపెట్టినవి. పూర్వపు ఆపరేటింగు సిస్టములు సెకనుకు వంద మొదలు వేయి వరకు అంతరాయములను కోరుకొని, వచ్చిన వానిని లెక్కించి కాలమును తెలిసికొనుచుండెడివి. వాస్తవ యంత్రమున ఇందులకు లోపము లేదు. కల్పిత యంత్రమైనచో, తన వంతు రాక ఆగియున్న సమయమున రావలసిన అంతరాయములు అందవు. అవి పోయినచో దాని గడియారము వెనుకబడును. నిలువయుంచి ఒక్కసారిగ అందించినచో గడియారము పరుగెత్తును. ఒక క్షణములోపల యాభై క్షణములు గడచినట్లు లోపలి ప్రోగ్రాములు భ్రమించును.

పని లేని కల్పిత యంత్రములకును ఈ బాధ తప్పెడిది కాదు. సెకనుకు వేయి అంతరాయములను కోరు యంత్రములు పది ఊరక కూర్చున్నను, వానిని లేపి పండుకొనబెట్టుటకే సెకనుకు పదివేల బట్వాడాలు జరుగవలెను. అందుచేత, క్రమము తప్పక కొట్టు గడియారమును విడిచి, తిరిగి ఎప్పుడు లేవవలెనో చూచుకొని ఆ సమయమునకు మాత్రమే పిలుపును కోరు పద్ధతి వచ్చినది. ఇంటెల్ తరహా యంత్రములపై లినక్సు 2007లో దీనిని చేపట్టినది. కాలమును అంతరాయముల లెక్కతో గాక, హైపర్‌వైజరు చూపు కాలపుటెంతో నేరుగ చదివి తెలిసికొనుటయు వాడుకలోనికి వచ్చినది. తన వంతుకై వేచియుండి పోగొట్టుకొన్న కాలమును లినక్సు వేరుగ లెక్కించి చూపును. దానికి వారు పెట్టిన పేరు ‘దొంగిలబడిన కాలము’.

నిష్క్రమణముల ఖర్చు

ఒక్క నిష్క్రమణమునకు పట్టు కాలము మనుష్యుల లెక్కలో శూన్యము. తొలినాటి ప్రాసెసర్లలో పోయి వచ్చుటకు కొన్ని వేల స్పందనలు పట్టెడిది. తరువాత వేయికి అటునిటుగ తగ్గినది. కాని పిలుపులు వచ్చు వేగమును చూడవలెను. సెకనుకు వేయి కోట్ల బిట్లను మోయు తీగ నిండుగ నడచునపుడు, పెద్ద పొట్లములే యైనను సెకనుకు ఎనిమిది లక్షలకు పైగా వచ్చును. మూడువందల కోట్ల స్పందనల ప్రాసెసరునకు ఒక్కొక్క పొట్లము మధ్య దొరకు వ్యవధి 3,700 స్పందనలకు మించదు. ప్రతి పొట్లమునకు రెండు మూడు నిష్క్రమణములు జరిగినచో, ఉత్తరమును చదువు తీరికయే మిగులదు. కావలివాడు తలుపు తీసి మూయుటతోనే దినము గడచిపోవును.

ఈ ప్రమాదము కల్పిత యంత్రములకే పరిమితము కాదు. అంతరాయముల వెల్లువలో యంత్రము పరుగెత్తుచున్నను, అసలు పని ఒక్క అడుగైన ముందుకు సాగని దుస్థితిని జెఫ్రీ మోగుల్, కె. కె. రామకృష్ణన్ అను శాస్త్రజ్ఞులు 1996లో విశదీకరించిరి. వెల్లువ వచ్చినపుడు అంతరాయములను తాత్కాలికముగ నిలిపి, పొట్లములను తానే పోయి చూచుకొనుట మేలని వారు చూపిరి. తలుపు తట్టువారు ఎడతెరపి లేకుండ వచ్చుచున్నపుడు తలుపు తెరచి అరుగు మీద కూర్చుండుటయే తెలివి. ఎప్పుడో విడిచిపెట్టిన మొదటి మార్గము ఇట్లు మరల ఆదరణ పొందినది. పలు పొట్లములకు కలిపి ఒకే పిలుపును పంపుట మరొక ఉపాయము. దీనివలన ఖర్చు తగ్గును గాని, మొదట వచ్చిన పొట్లము తక్కినవాని కొరకు కొంతసేపు ఆగవలసియుండును.

కావలివాడు ప్రక్కకు తొలగుట

అసలు ప్రతి పిలుపునకును కావలివాడు లేవవలెనా? ఒక నెట్‌వర్కు కార్డునే, లేక దానిలో ఒక భాగమునే, ఒక కల్పిత యంత్రమునకు పూర్తిగ అప్పగింపవచ్చును గదా! ఈ పద్ధతిలో పొట్లము హైపర్‌వైజరు చేతిని పడక నేరుగ లోపలివారి స్మృతిని చేరును. కాని చాలకాలము అంతరాయము మాత్రము పాతత్రోవనే వచ్చెడిది. ఉత్తరము గదిలోనికే వచ్చినను, వచ్చినదని చెప్పుటకు కావలివాడే రావలసియుండెను.

ఇజ్రాయెల్ దేశమున హైఫా నగరమందలి టెక్నియాన్ విద్యాలయము, ఐ.బి.ఎం. పరిశోధనశాల శాస్త్రజ్ఞులు 2012లో దీనికొక చమత్కారమును ప్రకటించిరి. కల్పిత యంత్రము నడచునపుడు ప్రాసెసరు చూచు పట్టికను హైపర్‌వైజరే తయారుచేయును. ఆ యంత్రమునకు అప్పగించిన పరికరముల సంఖ్యలను మాత్రము అందులో సరిగా నింపి, తక్కినవానిని ‘లేవు’ అని వ్రాయును. ఆ పిమ్మట అంతరాయములన్నిటిని నిష్క్రమణము లేకుండ లోనికి రానిచ్చును. తనవైన పిలుపులు నేరుగ అందును. పరులవి వచ్చినపుడు పట్టికలో చోటు లేక దోషము పుట్టి, హైపర్‌వైజరు చేతికి చిక్కును. ఇట్లు వారు వాస్తవ యంత్రపు వేగములో నూటికి 97 మొదలు 100 వంతుల వరకు సాధించిరి.

తరువాత ప్రాసెసరు నిర్మాతలే ఈ పనికి స్థిరమైన ఏర్పాటును చేసిరి. ఒక్కొక్క కల్పిత ప్రాసెసరునకు స్మృతిలో 64 బైట్ల ఒక చిన్న ఉత్తరాల పెట్టె యుండును. అందులో 256 అంతరాయ సంఖ్యలకు 256 గళ్లు. పిలుపు రాగానే దానికి చెందిన గడిలో గుర్తు పడును. ఆ కల్పిత ప్రాసెసరు నడచుచున్నచో, వాస్తవ ప్రాసెసరు నిష్క్రమణము లేకుండనే పెట్టెను చూచి పిలుపును లోపలివారికి అందించును. అది నిద్రించుచున్నచో మాత్రము హైపర్‌వైజరునకు వార్త పోవును. “చూచుకొంటిని” అను జవాబునకును నిష్క్రమణము అవసరము లేకపోయినది. 2013 నుండి ఇంటెల్ సర్వరు ప్రాసెసర్లలో ఇట్టి సౌకర్యము రాసాగినది. పరికరములు తామే ఆ పెట్టెలో గుర్తు పెట్టు ఏర్పాటు కొన్ని యేండ్లకు వచ్చినది. ఏ.ఎం.డి., ఆర్మ్ సంస్థల యంత్రములలోను ఇదే ఉద్దేశముగల ఏర్పాట్లు కలవు.

నమ్మకము ఎచ్చట నుంచవలెను?

కావలివాడు ప్రక్కకు తొలగినపుడు దొంగకు సందు దొరకలేదా? ఒకప్పుడు దొరికినది. పరికరము ఒక చిరునామాకు సంఖ్యను వ్రాయుటయే నేటి అంతరాయమని పైని చెప్పబడినది. పరికరమును వశపరచుకొన్న కల్పిత యంత్రము దానిచేత తనకు తోచిన సంఖ్యను వ్రాయించినచో ఏమగును? పిలుపు నిజమైనదో కల్లయో ప్రాసెసరునకు తెలియదు. ఈ విధముగ కల్ల అంతరాయములను పుట్టించి, హైపర్‌వైజరునే వశము చేసికొనవచ్చునని పోలెండు దేశపు భద్రతా పరిశోధకులు రఫాల్ వోయ్‌చుక్, యోవాన్నా రుత్కోవ్‌స్కా 2011లో చేసి చూపిరి.

దీనికి విరుగుడు అంతరాయముల మళ్లింపు పట్టిక. పరికరము ఇక తనకు తోచిన సంఖ్యను నేరుగ పంపలేదు. అది పంపిన వ్రాత మొదట ఈ పట్టిక కడకు పోవును. ఏ పరికరము ఏ ప్రాసెసరునకు ఏ సంఖ్యను పంపవచ్చునో హైపర్‌వైజరు ముందుగనే అందులో వ్రాసియుంచును. పట్టికలో లేని పిలుపు అక్కడనే ఆగిపోవును. కావున, ఇట్టి పట్టిక లేని యంత్రమున పరికరములను అపరిచితులకు నేరుగ అప్పగించుట క్షేమము కాదు.

ఆలస్యమును సహింపనిచోట

గంగారంలో ఫలితమును చూచు విద్యార్థికి పిలుపు సెకనులో వెయ్యవ వంతు ఆలస్యమైనను నష్టము లేదు. అన్నిచోట్ల ఇట్లు కాదు. భూపాలపల్లి ప్రాంతమున చెల్పూరు కడనున్న కాకతీయ తాప విద్యుత్కేంద్రము వంటివానిని తలచుకొనవలెను. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది. ఒక్క ఆవర్తనమునకు పట్టు కాలము సెకనులో యాభైయవ వంతు. తీగలలో దోషము పుట్టినపుడు రక్షణ పరికరములు కొన్ని ఆవర్తనములలోనే నిర్ణయము చేయవలెను. అట్టి పనులకు సగటు వేగము ఎంత యెక్కువయైనను చాలదు. ఎట్టి పరిస్థితిలోను ఇంతకు మించి ఆలస్యము కాదను హామీ కావలెను. పది కుటుంబముల యింట ఆ హామీ నిచ్చుట కష్టము. అందుచేత అట్టి రక్షణను ప్రత్యేకమైన పరికరములకే అప్పగించుట వాడుక. కల్పిత యంత్రమునే వాడవలసివచ్చినచో, దానికొక ప్రాసెసరును పూర్తిగ కేటాయించి, ఇతరుల అంతరాయములను ఆ ప్రాసెసరు దరికి రానీయక వేరొకదానికి మళ్లింతురు.

ఈ చరిత్రలో ఒక క్రమము కనిపించుచున్నది. మొదట హైపర్‌వైజరు ప్రతి పిలుపును తన చేతితో అందుకొని, తన చేతితో అందించినది. పిమ్మట కొన్నిటిని కలిపి అందించినది. చివరకు పట్టికలను వ్రాసిపెట్టి, బట్వాడాను యంత్రమునకే విడిచి తొలగినది. అయితే రెండింటిని మాత్రము అది ఎన్నడును వదలుకొనలేదు. అవి ఎవరి పిలుపు ఎవరికి పోవలెనో నిర్ణయించు పట్టిక, తన వంతు వచ్చినదని తనకు చెప్పు గడియారము. పనిని ఎంతవరకైన ఇతరులకు అప్పగింపవచ్చును. ఈ రెండు అధికారములను కూడ అప్పగించిన నాడు మాత్రము ఒక యింట పది కుటుంబములు నిశ్చింతగ నిదురింపజాలవు.